బొగ్గు ఎటు పోతే జట్టు అటు

బొగ్గుబాయిల ప్రాంతంలో ఒక జట్టు వరసగా ఐదేళ్లు అదే ఐదుగురితో ఆడిందని ఎవరైనా చెబితే నేను నమ్మను. నా సర్వీసులో అలాంటి జట్టును చూడలేదు. బాస్కెట్‌బాల్ కానీ, వాలీబాల్ కానీ, కబడ్డీ కానీ, పోటీలు దగ్గర పడేసరికి ఒకడికి మందమర్రికి బదిలీ ఆర్డర్ చేతికొచ్చేది, ఇంకొకడు అప్పటికే భూపాలపల్లిలో రిపోర్టు చేసి ఉండేవాడు. ఉన్నవాళ్లనూ కొత్తగా వచ్చినవాళ్లనూ కలిపి మళ్లీ జట్టు కట్టడం మాకు అలవాటైన పని. అందుకే, అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఆటగాళ్లు ఏటా కాలేజీలు మారుతున్నారనీ, అభిమానులు తల పట్టుకుంటున్నారనీ అక్కడుండే మా అల్లుడు చెబితే నాకు వింతగా అనిపించలేదు. కాకపోతే మా బదిలీ వేరు, వాళ్ల బదిలీ వేరు. ఆ తేడా చెప్పాలంటే మా సంగతి మొదటి నుంచీ చెప్పుకురావాలి.

సింగరేణి అనేది ఇల్లందు దగ్గర ఒక ఊరు. ఆ పరిసరాల్లో బొగ్గు ఉందని 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ కనిపెట్టాడు. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబర్ 23న మా బొగ్గు కంపెనీ ఆ ఊరి పేరే పెట్టుకుంది. తర్వాత బొగ్గు కొత్తగూడెంలో దొరికింది, బెల్లంపల్లిలో దొరికింది, మందమర్రిలో దొరికింది. 1961 నాటికి రామగుండం పక్కన గోదావరిఖనిలో బాయిలు తెరుచుకున్నాయి. కంపెనీ పేరు మారలేదు కానీ, మనుషులు మాత్రం బొగ్గు వెంట గోదావరి వెంబడి నడుస్తూనే వచ్చారు. ఒక బాయిలో బొగ్గు తగ్గితే అక్కడి టింబర్‌మన్, హాలర్ డ్రైవర్, సర్దార్ సామాను సర్దుకుని ఇంకో బాయికి పోవాల్సిందే. వాళ్ల వెనకే భార్యాపిల్లలు, పిల్లల బడి, ఇంటి ముందు వేసుకున్న కూరగాయల మడి కూడా మారేవి. జట్టు మారదా మరి?

నాది బెల్లంపల్లి. నాన్న బాయిలో బొగ్గు నింపే ఫిల్లర్. నేను బంతి పట్టడం నేర్చుకున్నది తిలక్ స్టేడియంలో. ఉద్యోగం వచ్చాక కొన్నాళ్లకు గోదావరిఖనికి బదిలీ అయింది. ఖనిలో ఎవరినీ ఎరగను. ఎనిమిదో ఇంక్లైన్ కాలనీలో క్వార్టర్ దొరికిన వారంలోనే సాయంత్రం బాస్కెట్‌బాల్ కోర్టు దగ్గరికి పోయి నిలబడ్డాను. ‘ఏ బాయి?’ అని ఒకాయన అడిగాడు. చెప్పాను. ‘ఏ ప్లేసు ఆడతవ్?’ అని ఇంకొకాయన అడిగాడు. అదీ చెప్పాను. నెల తిరిగేసరికి ఆ ఊళ్లో నాకు దోస్తులు, చిట్టీలో వాటా, పెళ్లి పిలుపులు అన్నీ వచ్చేశాయి. బదిలీ మీద వచ్చినవాడిని ఊళ్లో కలుపుకునే చోటు యూనియన్ ఆఫీసు ఒకటైతే, ఆట స్థలం రెండోది.

మా పోటీల పద్ధతి ఇది. ముందు బాయి జట్టు, దాని మీద ఏరియా జట్టు, ఆ పైన కంపెనీ జట్టు. పోటీలన్నీ డబ్ల్యూపీఎస్ అండ్ జీఏ అనే కార్మికుల క్రీడల సంఘం చూసుకుంటుంది. ఏరియాల మధ్య గెలిచి, కంపెనీ జట్టుకు ఎంపికైనవాళ్లు కోల్ ఇండియా పోటీలకు వెళతారు. సింగరేణి కోల్ ఇండియాలో భాగం కాదు. అయినా దాని కిందుండే బీసీసీఎల్, డబ్ల్యూసీఎల్, ఎస్‌ఈసీఎల్ కంపెనీల జట్లతో మనవాళ్లు తలపడతారు. ధన్‌బాద్, నాగ్‌పూర్, బిలాస్‌పూర్ పేర్లు మా కాలనీ పిల్లలు భూగోళం పుస్తకంలో కంటే ముందు ఈ పోటీల ముచ్చట్లలో విన్నారు.

ప్రాక్టీసే పెద్ద తిప్పలు. ఫస్టు షిఫ్టువాడు మధ్యాహ్నం మూడింటికి పైకొస్తాడు. అదే మూడింటికి సెకండు షిఫ్టువాడు లాంప్ రూం ముందు నిలబడి ఉంటాడు. నైట్ షిఫ్టువాడు సాయంత్రం ఆరింటికి కళ్లు నులుముకుంటూ వస్తాడు. ఐదుగురూ ఒకేసారి కోర్టులో ఉండేది ప్లేడే అనే వారపు సెలవు నాడే. ఆ రోజు డ్యూటీ చేస్తే రెట్టింపు కూలి వస్తుంది, బాస్కెట్‌బాల్ ఆడితే మోకాలి నొప్పి వస్తుంది. ఇంట్లో ఆడవాళ్లు ఏది మేలంటారో వేరే చెప్పాలా? అయినా వచ్చేవాళ్లు వచ్చారు. అలా నెలల తరబడి కుదిరిన ఐదుగురిలో పివట్ ఆడేవాడికి సరిగ్గా పోటీలకు పదిహేను రోజుల ముందు బదిలీ అయితే ఆ జట్టు గతేమిటో ఊహించుకోండి.

నష్టమే కాదు, లాభమూ ఉంది. కొత్తగూడెం నుంచి వచ్చిన ఒక హాలర్ డ్రైవర్ మాకు జోన్ డిఫెన్స్ నేర్పాడు. అంతవరకు మేమంతా బంతి ఎక్కడుంటే అక్కడికి ఉరికేవాళ్లం. మణుగూరు నుంచి వచ్చిన ఇంకొకడు ఫ్రీత్రో వేసే ముందు ఊపిరి పట్టడం చూపించాడు. ఒక ఏరియా ఆట ఇంకో ఏరియాకు అందింది ఇలాంటివాళ్ల వల్లే. బదిలీలు లేకపోతే ఏ బాయి జట్టు ఆ బాయి గోడల మధ్యే ఉండిపోయేది.

చూసేవాళ్ల పరిస్థితి ఇంకా తమాషా. రామగుండం పెరిగి ఆర్జీ-1, ఆర్జీ-2, ఆర్జీ-3 ఏరియాలుగా విడిపోయింది. ఇప్పుడు ఖనిలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, ఎనిమిదో ఇంక్లైన్ కాలనీలో అబ్దుల్ కలాం స్టేడియం, సెంటినరీ కాలనీలో రాణి రుద్రమదేవి స్టేడియం ఉన్నాయి. నిన్నటిదాకా ఒకే జట్టులో ఆడినవాళ్లు ఎదురెదురు జట్లలో నిలబడ్డారు. ఒక పోటీలో మా కాలనీ పెద్దమనిషి ఒకాయన మొదటి సగం మాకోసం అరిచి, రెండో సగంలో అవతలి జట్టులోని తన పాత పక్కింటి పోరడి కోసం అరిచాడు. ఎవరూ తప్పు పట్టలేదు. బెల్లంపల్లి సంగతైతే మరీ విచిత్రం. ఊళ్లో బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇప్పుడు బెల్లంపల్లి ఏరియా జీఎం ఆఫీసు ఉన్నది గోలేటిలో. పోటీల్లో ‘బెల్లంపల్లి’ అని పిలవగానే నా చేతులు చప్పట్లు కొడతాయి, దిగినవాళ్లలో ఆ ఊరివాళ్లు ఎందరో నాకు తెలియకపోయినా.

ఇక అమెరికా సంగతి. అక్కడ వెనుకట కాలేజీ మారిన బాస్కెట్‌బాల్ ఆటగాడు ఏడాది పాటు బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చేది. 2018లో, మారాలనుకునేవాళ్లు పేరు ఇచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ పెట్టారు. 2021లో ఒకసారి మారితే ఏడాది ఆగనక్కర్లేదన్నారు. అదే ఏడాది జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవచ్చన్నారు. 2024లో ఎన్నిసార్లయినా మారవచ్చన్నారు. 2025 నుంచి కాలేజీలే నేరుగా ఆటగాళ్లకు చెల్లించవచ్చు. ఒక్కో కాలేజీకి ఏడాదికి రెండు కోట్ల డాలర్ల పైచిలుకు పరిమితి పెట్టారు. దాంతో ఏటా వసంతంలో వెయ్యికి పైగా ఆటగాళ్లు పోర్టల్‌లో పేరు ఇస్తున్నారు. కెంటకీ విశ్వవిద్యాలయానిది అక్కడ పేరుమోసిన జట్టు. 2024లో కోచ్ జాన్ క్యాలిపారి ఆర్కాన్సాకు వెళ్లిపోయాడు. తర్వాతి సీజన్‌కు కెంటకీ దాదాపు మొత్తం కొత్తవాళ్లతోనే దిగింది. పాతికేళ్లుగా ఆ జట్టును చూస్తున్నవాళ్లు కూడా ముందు పేర్లు నేర్చుకోవాల్సి వచ్చింది.

2025 కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్లో ఫ్లోరిడా 65-63తో హ్యూస్టన్‌ను ఓడించింది. ఆ పోటీల్లో ఉత్తమ ఆటగాడు వాల్టర్ క్లేటన్ జూనియర్. అతను ముందు ఆడింది న్యూయార్క్ రాష్ట్రంలో ఉన్న ఐయోనా అనే చిన్న కాలేజీకి. ఫ్లోరిడా ఊరేగింపు చేసుకుంది. ఐయోనా అభిమాని ఆ కుర్రవాడిని మొదట చూసింది మేమేనని టీవీ ముందు చెప్పుకొని ఉంటాడు.

తయారుచేసుకున్న ఆటగాడు వేరే చోటికి పోయే ఈ అనుభవం తెలుగునేలకు కొత్త కాదు. ఫుట్‌బాల్‌లో 1950 నుంచి 1954 దాకా రోవర్స్ కప్‌ను వరసగా ఐదుసార్లు గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్. కోచ్ ఎస్.ఎ. రహీం. ఆ గడ్డ మీద తయారైన ఆటగాళ్లను కలకత్తా క్లబ్బులు పిలుచుకుపోయాయి. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు, ఆ తర్వాత బీఎన్‌ఆర్ రైల్వే జట్టుకు మారాడు. మహమ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. 1977లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టాడు. కలకత్తా ఈ ఆటగాళ్లను నెత్తిన పెట్టుకుంది. హైదరాబాద్ ఫుట్‌బాల్ మాత్రం మెల్లగా పలచబడింది.

ఇప్పుడు తేడా చెబుతాను. మమ్మల్ని కదిలించింది బొగ్గు. ఆర్డర్ మీద పోయినా మా జీతం, క్వార్టర్, ఆసుపత్రి, పీఎఫ్ మా వెంట వచ్చాయి. ఆట మాకు ఉద్యోగం కాదు, డ్యూటీ దిగాక మిగిలిన ఓపిక. అమెరికా కుర్రవాడిని కదిలించేది అతని ధర. దీనికి నేను అతన్ని తప్పు పట్టను. కోచ్ ఇష్టమొచ్చినప్పుడు మారితే సరే గానీ, ఆటగాడు మారితే ఏడాది శిక్ష అనే పాత పద్ధతి న్యాయం కాదు. స్వేచ్ఛ ఇచ్చారు, మంచిదే. కానీ పిల్లవాడిని తయారుచేసిన చిన్న కాలేజీకి మిగిలిందేమిటన్న ప్రశ్నకు అక్కడ ఇంకా సరైన జవాబు లేదు. వచ్చిన డబ్బులో కొంతైనా మోకాళ్లు పగిలేదాకా బంతి నేర్పిన చోటుకు తిరిగి రావాలి. యూరప్ ఫుట్‌బాల్‌లో ఆటగాడిని పెంచిన క్లబ్బులకు వాటా ఇచ్చే నియమం ఉండనే ఉంది.

మా దగ్గర ఇబ్బంది ఇంకోటి. ఆటగాడు పోవడం కాదు, పోయినచోటికి ఇంకొకడు రాకపోవడం. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు నలభై వేల దరిదాపులో ఉన్నారు. ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే పని ఎక్కువగా కాంట్రాక్టులో నడుస్తోంది. వెనుకట ఒక్క బాయిలో రెండు జట్లు తయారయ్యేవి. ఇప్పుడు ఏరియా మొత్తం వెతికినా పన్నెండు మందిని కూడగట్టడం కష్టం. 2018 నుంచి కారుణ్య నియామకాల్లో తండ్రుల చోట వచ్చిన కొడుకులు, కూతుళ్లు చదువుకున్నవాళ్లు, కాళ్లలో చురుకున్నవాళ్లు. జట్టు మళ్లీ నిలబడాలంటే వాళ్లే ఆధారం.

బదిలీలు ఆగవు, ఆపాలని కూడా నేను అనను. కోర్టులో గుంతలు పూడ్చి, రింగుకు కొత్త వల కట్టి, సాయంత్రం లైట్లు వేస్తే చాలు. కాంట్రాక్టు కార్మికుడి పిల్లలను కూడా అందులోకి రానివ్వాలి. ఈసారి మీ స్టేడియంలో ఏరియా పోటీలు పెడితే ఓ గంట వచ్చి కూర్చోండి. ఆడేవాడు నిన్ననే బదిలీ మీద వచ్చినవాడైనా సరే, బంతి బాగా వేస్తే గట్టిగా చప్పట్లు కొట్టండి.