దీర్ఘమైన లెక్క

గదాయుద్ధ ఘట్టం పాఠం చెప్పినప్పుడల్లా పిల్లలు అడిగే ప్రశ్న ఒక్కటే: "తొడ మీద కొట్టడం తప్పు కదండీ మాస్టారూ?" బలరాముని కోపం వారికి న్యాయంగానే తోచేది. ఆ ప్రశ్న నాకు చికాగోలోని సోల్జర్ ఫీల్డ్‌ను గుర్తుకు తెస్తుంది.

1927 సెప్టెంబరు 22. ముష్టియుద్ధంలో జగజ్జెట్టి జీన్ టనీ. ఏడాది క్రితం అతనికే ఆ బిరుదు సమర్పించుకున్న జాక్ డెంప్సీ. ఏడవ రౌండులో టనీ నేలకూలాడు. పది లెక్కించేలోగా లేవకుంటే ఓటమే. అయితే పడగొట్టినవాడు తటస్థమైన మూలకు వెళ్ళేదాకా లెక్క సాగరాదని నియమం. డెంప్సీ వెళ్ళడే! రెఫరీ డేవ్ బ్యారీ అతణ్ణి అటు పంపి, మళ్ళీ "ఒకటి" నుండి ఎత్తుకున్నాడు. తొమ్మిదికి టనీ లేచాడు. నిజానికి 13, 14 సెకన్లు గడిచాయంటారు. పది రౌండ్లు ముగిసేసరికి గెలుపు టనీది.

డెంప్సీకి అన్యాయం జరిగిందని నేనూ చాలాకాలం అనుకున్నాను. కానీ 1923లో ఇతడే, లేవబోతున్న ఫిర్పో పక్కనే కాచుకొని మళ్ళీ మళ్ళీ పడగొట్టాడు. 1927 జులైలో, నడుము కింద కొడుతున్నాడని రెఫరీకి మొరపెట్టుకోబోయిన షార్కీ గడ్డం మీద గుద్ది గెలిచాడు. ఆ గెలుపే అతణ్ణి చికాగోకు చేర్చింది.

అయినా ఒక ముల్లు మిగిలే ఉంది. ఎనిమిదవ రౌండులో డెంప్సీ పడినప్పుడు, టనీ మూలకు చేరకముందే అదే బ్యారీ లెక్క మొదలుపెట్టాడు. దీనికి మాత్రం నా వద్ద సమాధానం లేదు.

డెంప్సీ మరెన్నడూ బిరుదు కోసం బరిలో దిగలేదు.