చారిత్రక కల్పన: చిత్రము, రంగము

చరిత్రమును చదివినవారికంటె చూచినవారే యెక్కువ. చూచినది పటము కావచ్చును, బొమ్మ కావచ్చును, నాటకము కావచ్చును. అట్లు చూచిన దానిని చరిత్రమునకు ప్రమాణముగా గ్రహింపవచ్చునా? ఈ ప్రశ్నను నెల్లూరి రంగస్థలముతో సంబంధముగల యొక నాటకము మూలమున విచారింప దలచితిమి. అందులకు ముందొక విదేశీయ దృష్టాంతమును చూపుదుము.

ఇంగ్లండు రాణి విక్టోరియా (1819-1901) బాల్యమున రిచర్డ్ వెస్టాల్ వద్ద చిత్రలేఖనము నేర్చెను. ఆమెకది వృత్తి కాదు, అభిరుచి మాత్రమే. నాట్యశాలలో చూచిన పాత్రలను చిత్రించుట యామెకు ప్రీతి. ఉపాధ్యాయిని లేజెన్‌తో కూడి 132 కొయ్యబొమ్మలను సేకరించి వానికి వేషములు తీర్చెను. 'కెనిల్‌వర్త్' నృత్యరూపకమునందలి లెస్టర్ ప్రభువు వానిలో నొకడు. ఆ రూపకమునకు మూలము వాల్టర్ స్కాట్ 1821లో ప్రకటించిన నవల. నవలలో లెస్టర్ భార్య ఏమీ రాబ్సార్ట్ 1575 నాటి కెనిల్‌వర్త్ ఉత్సవముల వేళ సజీవయై యుండును. చరిత్రలో నామె 1560లోనే మరణించెను. కావున రాకుమారి తీర్చిన బొమ్మ ఎలిజబెత్తు కాలమునకు సాక్ష్యము కాదు. 1830 ప్రాంతపు లండను రంగస్థలమునకు సాక్ష్యము.

ఇక మన నాటకము. వేదము వేంకటరాయశాస్త్రిగారు (1853-1929) 1897లో ప్రతాపరుద్రీయమును రచించిరి. పెన్నకు, సముద్రమునకు చేరువనున్న నెల్లూరిలో వారు స్థాపించిన ఆంధ్ర భాషాభిమాని సమాజము నటనను జీవనోపాధిగా గాక భాషాసేవగా నెంచినది. స్కాట్ మృతురాలిని బ్రతికించినట్లే, శాస్త్రిగారు మరలిరాని రాజును మరల రప్పించిరి. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప ఢిల్లీకి గొనిపోబడుచు ప్రతాపరుద్రుడు నర్మదాతీరమున మరణించెనని ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనము తెలుపుచున్నది. నాటకములోనన్ననో యుగంధర మంత్రి ఉన్మత్తవేషమున ఢిల్లీ వీధులలో తిరిగి, తుదకు సుల్తానునే బంధించి తెచ్చును, రాజు విముక్తుడగును.

ఈ విముక్తి శాస్త్రిగారి నూతన కల్పన కాదు. ప్రతాపరుద్ర చరిత్రమను ప్రాచీన వచనగ్రంథమునను రాజు ఢిల్లీనుండి విడుదల పొందును. కాని యచ్చట విడుదలకు కారణము రాజునందలి దైవాంశ. సుల్తాను తల్లి దానిని గుర్తించును. నాటకమున కారణము మంత్రి బుద్ధిబలము. మహిమ యున్న స్థానమున మంత్రాంగము నిలిచినది. ఈ మార్పు పదునాలుగవ శతాబ్దిని గూర్చి మనకేమియు చెప్పదు. పరపాలనలో నున్న 1897 నాటి తెలుగువాని యాకాంక్షను మాత్రము చక్కగా చెప్పును.

వేషమెంత సహజమో భ్రాంతియు నంత దృఢము. గ్రాంథిక పక్షపాతులైన శాస్త్రిగారు చాకలి పేరిగానిచేత వాని భాషనే పలికించిరి. ఆ మాటల సహజత్వమునకు లోబడి ప్రేక్షకుడు కథనుగూడ నిజమని నమ్మును. విద్యార్థులు ప్రతాపరుద్రుని పునరాగమనమును చరిత్రగా వ్రాయుటకు మూలమిదియే.

నాటకమును దూషించుట మా యభిమతము కాదు. శాసనము రాజెట్లు మరణించెనో చెప్పును; నాటకము ప్రజలాతని నేల మరణింపనీయలేదో చెప్పును. రెండును సాక్ష్యములే. ఏ సాక్షిని ఏ ప్రశ్న యడుగవలెనో యెఱుగుటయే పరిశోధకుని ప్రథమ కర్తవ్యము.