కెరెంహప్పుకు: అరుదైన ఒక పేరు

యోబు గ్రంథము 42:14 యోబు కుమార్తెలు ముగ్గురిని పేరు పెట్టి చెప్పుచున్నది: యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు. కుమారులు ఏడుగురిలో ఒక్కని పేరైనను లేదు! మొదటి రెండు పేర్లు మన తెలుగు సంఘములలో వినబడుచున్నవి. మూడవది అరుదు, పలుకుట కష్టమగుటయే కారణమని మా అభిప్రాయము. ఇంగ్లండులో ప్యూరిటనులు కొందరు దానిని పెట్టుకొనిరి గాని అక్కడను అది విస్తరింపలేదు.

హెబ్రీలో దీని అర్థము ‘అంజనపు కొమ్ము’, అనగా మన కాటుక బరిణె వంటిది. లాటిను వుల్గాత ఈ అర్థమునే నిలిపినది. గ్రీకు సెప్టువజింతు మాత్రము ‘అమల్థేయ కొమ్ము’ అని, గ్రీకు పురాణములోని సమృద్ధి కొమ్మును తెచ్చిపెట్టినది.

2 రాజులు 9:30లో యెజెబెలు కన్నులకు పూసికొన్నదియు ఈ అంజనమే. అక్కడి పదమును బట్టి అలంకారమును నిందించువారు ఈ కుమార్తెను మరచుచున్నారు. సంఖ్యాకాండము 27:8 ప్రకారము కుమారుడు లేనప్పుడే కుమార్తెకు స్వాస్థ్యము. యోబు అయితే ఏడుగురు కుమారులుండగానే ఈమెకును ఆమె అక్కలకును స్వాస్థ్యమిచ్చెను (42:15).