ఉచితపు ఆటల కట్టు



రచ్చబండపై పులిజూదపు గళ్లు గీచి ఆడినవారము మనము. ఎదుటివాడు లేచిపోయినచో ఆటయు ముగిసెడిది. నేటి ఫోనులలోని ఆటలకు అట్టి ముగింపు లేదు. అవి ఊరకనే లభించుచున్నవి. ఊరక వచ్చినది మనుష్యుని ఇంతగా ఏల కట్టివేయుచున్నది? దీనికి సమాధానము వాని చరిత్రయందే కలదు.

2009వ సంవత్సరము జూన్ నెలలో అమెరికాలోని జింగా సంస్థ ఫేస్‌బుక్కునందు ‘ఫార్మ్‌విల్’ అను సేద్యపుటాటను ప్రవేశపెట్టెను. దున్నుట, విత్తుట, కోయుట, అన్నియు తెరపైననే. మఱుసటి యేటి తొలి నెలలలో, నెలకు 8 కోట్లకు పైగా జనులు దానినాడిరి. అందు స్ట్రాబెరీ నాటిన 4 గంటలకు పండును. సకాలమున కోయనిచో వాడిపోవును. మన పంట ఋతువును బట్టి వచ్చును. ఆ పంట, ఆటగాడు మరల మరల తిరిగి వచ్చునట్లు ఏర్పఱచిన గడియకు వచ్చును. ఇది మొదటి కట్టు.

రెండవ కట్టు ఇరుగుపొరుగు. మిత్రులే పొరుగువారై కానుకలు పంపుదురు. పుచ్చుకొన్నవాడు బదులీయకున్న మొగము చెల్లదు. నాట్లవేళ బదులుసాయమెఱిగిన మీకు ఈ మర్మము వేఱుగ చెప్పనక్కఱలేదు.

మూడవది నిరీక్షణ. 2012లో కింగ్ సంస్థ ‘కాండీ క్రష్ సాగా’ను వెలువరించెను. రంగుల మిఠాయిలను మూడేసిగా చేర్చుటయే ఆట. ఆటగానికి 5 ప్రాణములుండును. పోయిన ప్రాణమొక్కటి తిరిగి రావలెనన్న అరగంట వేచియుండవలెను. లేదా మిత్రుని యాచింపవలెను. లేదా రొక్కము చెల్లింపవలెను. ఉచితమను మాటలోని మెలిక యిదియే. ఇట్టి యాటలయందు పెక్కుమంది పైసయైన నీయరు. కొద్దిమంది ఇచ్చు ధనమే సంస్థను పోషించును. ఈయనివారు ఇచ్చువారికి తోడుగా, సందడిగా ఉపయోగపడుదురు.

నాలుగవ కట్టు మనస్సునందే కలదు. అమెరికా దేశపు మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు స్కిన్నర్ పావురములను పరీక్షించెను. పావురము ఒక బిళ్లను పొడిచిన గింజలు పడును. ఎన్ని పోట్లకు పడునో తెలియకుండ చేసినప్పుడు, అది విడువక పొడుచుచునే యుండెను. గింజలు మానిన పిదపను చాలసేపు పొడిచెను. ఆయన, ఫెర్‌స్టర్ కలిసి ఈ విషయమును 1957లో గ్రంథరూపమున ప్రకటించిరి. ధర్మరాజును పీటపైనుండి లేవనీయనిదియు ఈ ‘వచ్చునేమో’ అను ఆశయే. అయితే ఆయన యెదుట శకుని కనబడెను. మన యెదుట ఎవరును కనబడరు.

నేనును ఒకప్పుడు అట్టి యాటకు లోబడితిని. “తాతా, కథ చెప్పు” మని మనుమరాలు చేయి లాగుచుండగా, “ఒక్క నిమిషము తల్లీ” అంటిని. తలయెత్తి చూచునప్పటికి ఆ బిడ్డ నా ప్రక్కనే నిద్రించినది. ఆ రాత్రి నేను గెలిచిన పందెమేమో నేడు జ్ఞాపకము లేదు.

ఆడువారందఱును రోగులు కారు. కాని ఆట నిత్యకృత్యములను మ్రింగివేసి, కీడు కలుగుచున్నను మానలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధిగా గుర్తించినది. ఆ వర్గీకరణము 2022లో అమలులోనికి వచ్చెను. కావున పిల్లలను ఊరక గద్దింపకుడు. ఈ నాలుగు కట్లను వారికి విప్పి చెప్పుడు. వారి సాయంకాలమునకు మీ తోడునిండు.

తొలి ఫార్మ్‌విల్ 2020 డిసెంబరు 31వ తేదీన మూతపడెను. కోట్లమంది కోసిన ఆ పంటలో గింజయొక్కటియు మిగులలేదు.