పైన స్లాబ్, కింద కాపురం: పాశమైలారం పరిసరాల్లో కిరాయిదారుల భద్రత

2025 జూన్ 30 ఉదయం సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్ ఫ్యాక్టరీలో పేలుడు జరిగి మూడంతస్తుల ఉత్పత్తి భవనం కూలిపోయింది. ఆచూకీ దొరకనివారితో కలిపి 54 మంది ప్రాణాలు పోయాయి. బిహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా వంటి రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు వారిలో చాలామంది. ఫ్యాక్టరీలో కార్మికుడి భద్రత ఎవరి పూచీ అన్న ప్రశ్న అప్పటినుంచీ నడుస్తోంది. అదే కార్మికుడు షిఫ్టు దిగి వెళ్లి పడుకునే కిరాయి గది సంగతేమిటి? ముఖ్యంగా, జనం కాపురం ఉండగానే ఓనరు ఆ ఇంటి మీద పని మొదలుపెడితే చట్టం ఎవరి పక్షాన, ఎంతవరకు నిలబడుతుంది?

ఈ వ్యాసం వాదన ఇది. మరమ్మతుల కాలంలో కిరాయిదారుకు కావలసిన రక్షణ మన అద్దె నియంత్రణ చట్టంలో 1960 నుంచే ఉంది. కానీ మినహాయింపుల వల్ల పారిశ్రామిక వాడల్లో అది అందేది ఏ కొద్దిమందికో. నిర్మాణ అనుమతులిచ్చే వ్యవస్థకేమో ప్లాటు, ఎత్తు, ఓనరు కనబడినంతగా కింద ఉంటున్న మనుషులు కనబడరు.

జనం ఉండగానే పని

పాశమైలారం పారిశ్రామిక వాడలో పనిచేసేవాళ్లు ఇస్నాపూర్, చిట్కుల్, ముత్తంగి, రుద్రారం, పటాన్‌చెరుల్లో కిరాయికి ఉంటారు. ఈ చుట్టుపక్కల ఇళ్లు ఒక్కసారిగా కట్టినవి తక్కువ. కింద రెండు మూడు పోర్షన్లు వేసి, స్లాబ్ మీద పిల్లర్ల సలాకలు వదిలేసి, చేతిలో డబ్బు ఆడినప్పుడు పై అంతస్తు లేపుతారు. ఈలోగా ఆ సలాకలు ఏళ్ల తరబడి వానకు తడిసి తుప్పు పడతాయి. పని మొదలయ్యాక కింది పోర్షన్లవాళ్లను ఖాళీ చేయించడం అరుదు, ఎందుకంటే పై అంతస్తు ఖర్చులో కొంత ఆ కిరాయిల మీదే నడుస్తుంది.

అప్పుడు ఇంట్లో ఏం జరుగుతుందో చూస్తే భద్రత అన్న మాటకు రూపం వస్తుంది. ఉన్న ఒక్క మెట్ల దారిలో ఇసుక కుప్ప, సిమెంటు బస్తాలు. వరండాలో సెంట్రింగ్ కర్రలు. క్యూరింగ్‌కు పోసిన నీళ్లు పాత స్లాబ్ పగుళ్లలోంచి వంటగదిలో కారతాయి, స్విచ్‌బోర్డు చుట్టూ గోడ చెమ్మగిల్లుతుంది. నైట్ డ్యూటీ చేసి వచ్చినవాడి నెత్తిమీద పగలంతా బ్రేకర్ మోగుతుంది. సంపులో నీళ్లు ముందు కాంక్రీటుకు, మిగిలితే కాపురాలకు.

ఇది ఇబ్బందితో ఆగే విషయం కాదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, మామూలు సిమెంటుతో వేసిన స్లాబ్ కింద ఆధారపు కర్రలు నాలుగున్నర మీటర్ల వెడల్పు దాకా కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. ఆరు మీటర్లు దాటిన బీముల కింద 21 రోజులు. సెంట్రింగ్ సామానుకు రోజువారీ కిరాయి కట్టే చోట మేస్త్రీకీ ఓనరుకూ ఈ రోజులు బరువే. వాటిని కుదిస్తే వచ్చే ముప్పు మాత్రం కింద ఉన్నవాళ్లది.

పాత కట్టడాన్ని నమ్ముకుని అంతస్తులు లేపితే ఏమవుతుందో 2025 మార్చి 26న భద్రాచలంలో తెలిసింది. నిర్మాణంలో ఉన్న బహుళ అంతస్తుల భవనం కుప్పకూలి ఇద్దరు చనిపోయారు. ముప్పు సొంత గోడల లోపలి నుంచే రానక్కర్లేదు. 2024 నవంబరులో హైదరాబాద్ సిద్దిఖ్‌నగర్‌లో పక్క ప్లాటులో పునాది తవ్వుతుండగా ఇరుకు స్థలంలోని నాలుగంతస్తుల భవనం ఒరిగింది. జనం కట్టుబట్టలతో బయటికి పరుగెత్తారు. మర్నాడే అధికారులు ఆ భవనాన్ని కూల్చేశారు.

చట్టం ఇచ్చిన మాట

ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చిన భవనాల లీజు, అద్దె, ఖాళీ నియంత్రణ చట్టమే తెలంగాణలోనూ అమల్లో ఉంది. దాని 12వ సెక్షన్ ఈ సందర్భం కోసమే రాసినట్టుంటుంది. ఇల్లు ఖాళీ చేయకపోతే మరమ్మతులు సాధ్యపడవని ఓనరు రెంట్ కంట్రోలర్‌ను ఒప్పించాలి. పని పూర్తయ్యాక అదే కిరాయిదారుకు ఇల్లు తిరిగి ఇవ్వజూపుతానని హామీ రాసివ్వాలి. ఆ హామీ లేకుండా ఖాళీ ఉత్తర్వు వెలువడదు. సరైన కారణం లేకుండా నీళ్లు, కరెంటు వంటి సదుపాయాలు ఆపడాన్నీ ఇదే చట్టం నిషేధిస్తుంది.

కాగితం మీద ఇది గట్టి రక్షణే. అయితే కిరాయిదారు దాన్ని చేరుకోవాలంటే మూడు జల్లెడలు దాటాలి.

మొదటిది ఊరి హోదా. చట్టం జంటనగరాలకు, మున్సిపాలిటీలకు వర్తిస్తుంది. ప్రభుత్వం ప్రత్యేకంగా విస్తరిస్తే తప్ప పంచాయతీలకు వర్తించదు. పటాన్‌చెరు 2007లోనే జీహెచ్ఎంసీలో కలిసింది. ఇస్నాపూర్ వంటివి మొన్నమొన్నటిదాకా పంచాయతీలే.

రెండోది ఇంటి వయసు. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలన్నిటినీ చట్టం మొదట్లో మినహాయించింది. కొత్త ఇళ్లు కట్టించేందుకు ఇచ్చిన ఆ ప్రోత్సాహం పాతికేళ్లయినా కొనసాగడం సమానత్వ హక్కుకు విరుద్ధమని 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2005 సవరణ మరో రూపంలో మినహాయింపు తెచ్చింది. నిర్మాణం పూర్తయిన నాటి నుంచి 15 ఏళ్ల దాకా భవనం చట్టం బయటే ఉంటుంది.

మూడోది కిరాయి. అదే సవరణ కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు మించిన ఇళ్లను పక్కన పెట్టింది. ఈనాటి లెక్కలో గది, వంటిల్లు ఉన్న పోర్షన్ కిరాయి కూడా ఆ గీత దాటేస్తుంది.

రెండో జల్లెడలో ఒక మెలిక ఉంది. 15 ఏళ్ల మినహాయింపు కొత్త కట్టడాలతో ఆగలేదు, గణనీయంగా పునరుద్ధరించిన భవనాలకూ, పని పూర్తయిన రోజు నుంచి లెక్కకు వస్తుంది. అంటే 12వ సెక్షన్ హామీతో ఇల్లు ఖాళీ చేసిన కిరాయిదారు తిరిగొచ్చేసరికి, పని పెద్దదైతే, ఆ ఇల్లే చట్టం పరిధి దాటిపోయి ఉండవచ్చు. తిరిగొచ్చే హక్కు ఇచ్చిన చట్టమే, తిరిగొచ్చాక నిలదొక్కుకునే ఆధారాన్ని బలహీనపరుస్తోంది.

మిగిలిన దారులు

జల్లెడల్లో జారిపోయినవారికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం దిక్కు. 108వ సెక్షన్ ప్రకారం, ఓనరు చేయవలసిన మరమ్మతు నోటీసిచ్చినా చేయకపోతే, కిరాయిదారు తానే చేయించి ఖర్చు కిరాయిలో మినహాయించుకోవచ్చు. కానీ ఒప్పందంలో వేరే షరతు ఉంటే అదే చెల్లుతుంది. నెలవారీ నివాసాన్ని 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. పైకప్పు పెచ్చులూడుతున్నాయని నిలదీసినవాడికి ముందుగా గుర్తొచ్చేది ఈ 15 రోజులే.

అలాగని ఓనరు తాళం మార్చేసి సామాను బయట పడేయడానికి వీల్లేదు. చట్టప్రకారం కాకుండా వెళ్లగొడితే నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి స్వాధీనం పొందవచ్చు. కరెంటు కనీస సదుపాయమని, ఓనరు నిరభ్యంతర పత్రం లేదన్న కారణంతో కిరాయిదారుకు నిరాకరించరాదని దిలీప్ కేసులో 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే దావాకు ఆధారాలు కావాలి. నోటిమాట మీద అడ్వాన్సు ఇచ్చి, రసీదు లేకుండా కిరాయి కట్టే వలస కార్మికుడి దగ్గర ఫోన్‌పే చెల్లింపుల చిట్టా, గ్యాస్ బిల్లు, కూలుతున్న గోడ ఫొటోలు తప్ప వేరే కాగితం దొరకడం కష్టం.

అనుమతిలో లేనివాళ్లు

2020లో వచ్చిన భవన అనుమతుల చట్టం, టీఎస్ బీపాస్ కింద 75 గజాల్లోపు ప్లాటులో 7 మీటర్ల ఎత్తు దాకా కట్టే ఇంటికి అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. అంతకు మించి 10 మీటర్ల దాకా స్వీయ ధ్రువీకరణతో అనుమతి వస్తుంది. సామాన్యుడిని ఆఫీసుల చుట్టూ తిప్పని ఈ పద్ధతి మంచిదే. కానీ ఇది ఖాళీ ప్లాటును ఊహించుకుని రూపొందింది. పైగా పర్యవేక్షణ ఒకరి చేతిలో లేదు: పాశమైలారం వాడ లోపల పాలన తెలంగాణ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ (టీజీఐఐసీ) కింది పారిశ్రామిక స్థానిక సంస్థది, గేటు దాటితే మున్సిపాలిటీదో పంచాయతీదో. కార్మిక చట్టాల వైపు నుంచీ తనిఖీ ఆశించలేం: భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టానికీ, దాని స్థానంలో వచ్చిన భద్రతా కోడ్‌కూ పదిమంది కార్మికులన్న గీత ఉంది. ఒక్క అంతస్తు లేపే అయిదారుగురి ముఠా దాని కిందికి రాదు.

వేరే చోట్ల కింద ఉన్నవాళ్లను లెక్కలోకి తీసుకుంటారు. న్యూయార్క్‌లో జనం ఉంటున్న భవనంలో పని చేయాలంటే బయటికి పోయే దారులు, అగ్నిభద్రత, దుమ్ము, నీళ్ల సరఫరా గురించి కిరాయిదారుల రక్షణ ప్రణాళిక దాఖలు చేయాలి. జర్మనీలో ఆధునికీకరణ పనికి మూడు నెలల ముందు, పని స్వభావం, ఎన్నాళ్లు పడుతుంది, కిరాయి ఎంత పెరగవచ్చు అన్నవి రాసి తెలపాలి. మన దగ్గర 2021 కేంద్ర నమూనా అద్దె చట్టం ఓనరు లోపలికి రావడానికి 24 గంటల ముందస్తు నోటీసు కోరుతుంది. రాష్ట్రం చట్టం చేస్తేనే దానికి ప్రాణం.

ఇక్కడ మొదటి అడుగు చిన్నదే కావచ్చు. ఉన్న కట్టడం మీద అంతస్తు వేసే దరఖాస్తులో కింద ఎన్ని కుటుంబాలున్నాయో రాయించడం, పాత పిల్లర్ల బలంపై స్ట్రక్చరల్ ఇంజినీరు ధ్రువపత్రం అడగడం, కర్రలు తీసే తేదీని ఇంటి గేటుకు కిరాయిదారులకు తెలిసిన భాషలో, అంటే తెలుగుతోపాటు హిందీలోనూ, అంటించడం. 2005 మినహాయింపులోంచి పునరుద్ధరణ అన్న మాట తీసేయడం శాసనసభ పని. అనుమతే లేకుండా లేచే అంతస్తులకు ఇవేవీ సరిపోవు. వాటిపై ఫిర్యాదు చేసిన కిరాయిదారుకు, విచారణ ముగిసేదాకా ఖాళీ నోటీసు ఇవ్వరాదన్న నిబంధన కూడా తోడు కావాలి.