మా సీకేపల్లి కొండల్లో ఒక జపాను పుస్తకం

కొన్ని పుస్తకాలు పదిహేడేళ్ళప్పుడు ఒకలా, ఉద్యోగంలో చేరాక ఇంకోలా కనిపిస్తాయి. ఈమధ్య మళ్ళీ చదివిన "గడ్డిపరకతో విప్లవం" నాకు అలాంటిదే. మసనోబు ఫుకుఓకా రాసిన ఈ పుస్తకం జపనీస్‌లో 1975లో, ఇంగ్లీషులో 1978లో వచ్చింది. తెలుగులో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్ళు వేశారు. ఇంటర్లో చదివినప్పుడు "ఏమీ చెయ్యని వ్యవసాయం" అన్న మాట భలే నచ్చింది (ఆ వయసులో ఎవరికి నచ్చదు చెప్పండి :)). ఇప్పుడు మాత్రం ఇంకో చోట ఆగిపోయాను.

ముందు ఆయన కథ. ఫుకుఓకా (1913-2008) మొక్కల తెగుళ్ళ మీద పనిచేసిన శాస్త్రజ్ఞుడు. యోకొహామా కస్టమ్స్‌లో ఉద్యోగం. పాతికేళ్ళ వయసులో పెద్ద జబ్బు చేసి లేచాక, మనిషి చదువంతా వట్టిదే అనిపించి రాజీనామా ఇచ్చేశాడు. (ఇక్కడిదాకా మనందరి ఆదివారం రాత్రి కలే!) ఊరికెళ్ళి నాన్న నారింజ తోటని ప్రకృతికి వదిలేశాడు. కొమ్మలు అల్లుకుపోయి, పురుగు పట్టి, చెట్లు చచ్చిపోయాయి. నేను ఆగింది ఇక్కడే.

అంతకాలం మనిషి కత్తిరిస్తూ వచ్చిన చెట్టుని ఒక్కసారిగా వదిలేస్తే అది ప్రకృతి సేద్యం కాదు, గాలికొదిలెయ్యడం అని ఆయనే ఒప్పుకున్నాడు. తర్వాత దశాబ్దాల పాటు ఒక్కో పనీ తీసుకుని, ఇది మానేస్తే ఏమవుతుంది అని చూస్తూ పోయాడు. దున్నడం, రసాయన ఎరువులు, పురుగుమందులు మానేశాడు. కానీ పొలంలో గడ్డి పరిచాడు, విత్తనాల్ని మట్టి ఉండల్లో చుట్టి చల్లాడు. పాత కోడ్‌తో కుస్తీ పట్టినవాళ్ళకి ఇది వెంటనే అర్థమౌతుంది. అక్కర్లేని లైను ఏదో తెలుసుకుని తీసెయ్యడం వేరు, ప్రాజెక్టునే వదిలేసి పోవడం వేరు.

ఈ పుస్తకానికీ మా ఊరికీ చుట్టరికం ఉంది. చెన్నేకొత్తపల్లి (మేం సీకేపల్లి అంటాం) హైదరాబాద్-బెంగళూరు హైవే మీదే ఉంటుంది. మీలో చాలామంది రాత్రి బస్సులో నిద్రపోతూ దాటే ఉంటారు. అప్పట్లో అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేదు. 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, వాళ్ళ మిత్రులు ఇక్కడ 32 ఎకరాల బీడు కొన్నారు. అదే టింబక్టు కలెక్టివ్. వాళ్ళకి ఆ ధైర్యం ఇచ్చినవాటిలో ఫుకుఓకా పుస్తకం ఒకటి.

ఆ తర్వాత ముష్టికోవెల, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళతో కలిసి ఇదే పని బోడికొండల మీద మొదలైంది. ఇప్పుడు దాన్ని కల్పవల్లి అంటారు, ఏడువేల ఎకరాల పైమాటే. అక్కడ చేసింది ప్రధానంగా కాపలా. వేసవిలో నిప్పు అంటుకోకుండా చూడటం, గొడ్డలి పడకుండా ఆపడం, విత్తనాలు చల్లడం, వాన నీటిని నిలపడం. నేలలో మిగిలిన వేర్లే చిగిర్చాయి. వాగుల వెంట ఈతచెట్లు వచ్చాయి. తోడేళ్ళు, చిరుతలు తిరుగుతున్నాయి. పైనుంచి చూసేవాళ్ళకి "ఏమీ చెయ్యలేదు" అనిపిస్తుంది. కానీ ముప్పై ఏళ్ళు ఎండాకాలం నిప్పుకి కాపలా కాయడం చిన్న పనా?

బాధేంటంటే రెవెన్యూ లెక్కల్లో ఇదంతా బంజరు భూమే. అందుకే 2010 తర్వాత అక్కడ గాలిమరలు వెలిశాయి, వాటికోసం కొండల మీద రోడ్లు తవ్వారు. గాలి కరెంటు మంచిదే, నేనూ కాదనను. కానీ ఊళ్ళు కాపాడుకున్న అడవిని "బంజరు" అనే ఒక్క మాట కనపడకుండా చేసేసింది. ఎవరూ దున్నకపోతే ఆ నేలలో ఏమీ లేనట్టేనా? నా లెక్కలో ఈ పుస్తకాన్ని మళ్ళీ తియ్యాల్సింది ఈ ప్రశ్న కోసమే.

దీంతో పాటు చదవాల్సినవి ఇంకో మూడు చెబుతా. తెత్సుకో కురోయనాగి "రైలుబడి": ఇదీ జపానుదే, పిల్లల్ని వాళ్ళలా ఎదగనిచ్చిన ఒక బడి కథ. విద్వాన్ విశ్వం "పెన్నేటి పాట": మా కరువు సీమ గుండె చప్పుడు. బండి నారాయణస్వామి "శప్తభూమి": 2019 సాహిత్య అకాడమీ అవార్డు పొందిన నవల, మా సీమ పాత చరిత్ర. గడ్డిపరక మాత్రం ముందు చదవండి. ఇదివరకే చదివి ఉంటే, ఈసారి ఆ నారింజ తోట దగ్గర కాసేపు ఆగండి.