దీవాలీ రిడిమ్

దీవాలీ రిడిమ్ జమైకా దేశపు డాన్స్‌హాల్ సంగీతానికి చెందిన ఒక ప్రసిద్ధ వాద్యబాణీ. దీనిని కీబోర్డు వాద్యకారుడు, నిర్మాత స్టీవెన్ మార్స్‌డెన్ రూపొందించాడు. ఇతడు లెంకీ అనే పేరుతో ప్రసిద్ధుడు. ఈ ఒక్క బాణీపై పలువురు గాయకులు పాడిన పాటల సంకలనాన్ని లండన్‌కు చెందిన గ్రీన్‌స్లీవ్స్ సంస్థ 2002లో తన రిథమ్ ఆల్బమ్‌ల వరుసలో 27వ సంపుటిగా విడుదల చేసింది. భారతీయుల దీపావళి పండుగ పేరే దీనికి పెట్టబడింది.

రిడిమ్ అంటే ఏమిటి

రిథమ్ అనే ఆంగ్ల పదానికి జమైకా ఉచ్చారణ రిడిమ్. అయితే అక్కడ దీని అర్థం తాళం మాత్రమే కాదు. డ్రమ్ములు, బేస్, కీబోర్డు కలిసిన, గాత్రం లేని వాద్యభాగం మొత్తాన్ని రిడిమ్ అంటారు. నిర్మాత ముందుగా దానిని సిద్ధం చేస్తాడు. తరువాత ఒక్కొక్క గాయకుడు సొంత సాహిత్యంతో దానిపై పాడతాడు.

తెలుగు పాటల పుస్తకాలలో పాటకు పైన "ఫలానా పాట మట్టు" అని సూచించే ఆచారం ఉన్నది. అక్కడ వరస ఒకటే, మాటలు మారతాయి. రిడిమ్ పద్ధతిలో మాటలతో పాటు గాత్రపు వరస కూడా మారుతుంది. వెనుక వాద్యం ఒక్కటే స్థిరంగా ఉంటుంది.

పూర్వరంగం

ఒకే రిడిమ్‌పై వచ్చిన తొలి ఆల్బమ్‌గా రూపీ ఎడ్వర్డ్స్ నిర్మించిన యమహా స్కాంక్ (1974)ను పేర్కొంటారు. 1985లో కింగ్ జామీ నిర్మించిన స్లెంగ్ టెంగ్ బాణీ క్యాసియో కీబోర్డులో ముందుగానే అమర్చి ఉన్న లయ ఆధారంగా తయారైంది. దానితో డాన్స్‌హాల్‌లో ఎలక్ట్రానిక్ వాద్యాల యుగం బలపడింది.

పాటలు, ఆదరణ

దీవాలీ రిడిమ్‌లో ప్రధాన ఆకర్షణ వేగంగా సాగే చప్పట్ల లయ. షాన్ పాల్, వేన్ వండర్, బౌంటీ కిల్లర్, ఎలిఫెంట్ మ్యాన్ మొదలైనవారు దీనిపై పాడారు. షాన్ పాల్ పాట గెట్ బిజీ 2003 మే నెలలో అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో ప్రథమ స్థానం పొందింది. వేన్ వండర్ పాట నో లెట్టింగ్ గో అదే పట్టికలో 11వ స్థానానికి చేరింది. అమెరికా గాయని లుమిడీ ఇదే బాణీపై పాడిన నెవర్ లీవ్ యూ 3వ స్థానం పొందింది. వాద్యం ఒకటే అయినా శ్రోతలు వీటిని వేర్వేరు పాటలుగానే ఆదరించారు.

కర్తృత్వం

పాట గాయకుని పేరుతో ప్రసిద్ధి పొందుతుంది గనుక బాణీకర్త తరచుగా మరుగున పడతాడు. జమైకాలో పాత బాణీలను అనుమతి, ప్రతిఫలం లేకుండా తిరిగి వాడుకోవడం చాలాకాలం సాగింది. గెట్ బిజీ విషయంలో మాత్రం షాన్ పాల్‌తో పాటు మార్స్‌డెన్ కూడా రచయితగా నమోదయ్యాడు.

జమైకాలో భారతీయులు

1845 మే 10న బ్లండెల్ అనే ఓడలో తొలి భారతీయ ఒప్పంద కూలీలు జమైకా చేరారు. 1917 వరకు సుమారు 36,000 మంది వెళ్ళారు. వీరిలో అత్యధికులు కలకత్తా రేవు నుండి వెళ్ళిన ఉత్తర భారతీయులు. విశాఖపట్నం, కాకినాడ తీరాల తెలుగు కూలీలు ఎక్కువగా బర్మాకు వలస వెళ్ళారు. చెరకు తోటలలో పనిచేయడానికి వెళ్ళినవారి పండుగలు ఆ ద్వీపంలో నిలిచాయి. అటువంటి ఒక పండుగ పేరు ఈ బాణీతో ప్రపంచమంతటా వినిపించింది.